బోను గారికి పదవీ విరమణ ఉత్తర్వులు

మహారాజశ్రీ ఇనప బోను గారికి,

హాల్లో టీవీకి ఎడమపక్క, సోఫాకి అడ్డంగా, 42 అంగుళాల పొడవున కాళ్ళు బారజాపుకుని, ఫ్యాను గాలిలో సగం మీరే మింగేస్తున్న తమరికి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మా కుక్క బూరె కూడా క్షేమమే. మీకు రెండడుగుల దూరంలో, ఉత్త బండల మీద నాలుగు కాళ్ళూ చాపి పడుకుని ఉంది. మీ తలుపు బార్లా తీసే ఉంది, లోపల మెత్తటి పరుపు కూడా ఉంది, అయినా అది అటు చూడటం లేదు. మీకు కడుపు మండుతూ ఉండొచ్చని తెలుసు. అందుకే నోటిమాటతో సరిపెట్టకుండా రాతపూర్వకంగా చెప్తున్నా.

తమరి సర్వీసు పూర్తయింది.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంటు వయసు 2022లో 62కి పెంచారు, తెలంగాణలో అంతకుముందు ఏడాదే 61 చేశారు. తమరి వాలకం చూస్తే ఈ రెండు రాష్ట్రాల జీవోలూ తమకి వర్తించవన్నట్టు కుర్చీ వదలడం లేదు. అసలు మిమ్మల్ని తీసుకున్నదే టెంపరరీ పోస్టులో. పిల్లకి ఒంటికీ రెంటికీ బయటికి వెళ్ళాలని తెలిసేదాకా, పాలపళ్ళు ఊడి గట్టిపళ్ళు వచ్చేటప్పటి దురద తగ్గేదాకా, చార్జరు తీగ తినే పదార్థం కాదని దాని బుర్రకెక్కేదాకా. ఆ మూడు పనులూ అయిపోయి చాన్నాళ్ళయింది. రెండేళ్ళు నిండిన కుక్క, చూపు తగిలితే తోకూపే రకం, ఇంటికొచ్చిన గ్యాస్ బండ అబ్బాయికి కూడా పొట్ట చూపించి పడుకునే రకం, దానికి ఇంకా రాత్రి పదయ్యేసరికి టక్‌మని గొళ్ళెం పడాల్సిందేనా?

మీ నియామకం ఎలా జరిగిందో కూడా రికార్డులో ఉండటం మంచిది. టెక్సాస్‌లో ఉన్న మా బావ వీడియో కాల్లో సిఫార్సు చేశాడు. "క్రేట్ ట్రైనింగ్ చెయ్యకుండా కుక్కని పెంచడమేంట్రా, రేపు నీకు సోఫా మిగలదు" అన్నాడు. క్రేట్ అంటే తమరే, కుక్కకి తమరి లోపల ఉండటం అలవాటు చెయ్యడమే ఆ ట్రైనింగ్. ఆయన బాధ ఆయనది. అక్కడ ఇల్లంతా కార్పెట్, పగలు ఇంట్లో మనిషన్నవాడు ఉండడు, కుక్కల పెంపకం నేర్పేవాళ్ళలో చాలామంది మొదటి రోజే క్రేట్ గురించి చెప్తారు. కార్పెట్ మీద ఒకసారి పోసిందంటే ఆ వాసన పట్టుకుని మళ్ళీ అక్కడే పోస్తుంది, దాన్ని వదిలించడం పెద్ద యజ్ఞం. మా ఇంట్లో బండలు. ఒక తడిగుడ్డ పెడితే సరి. అయినా బావ చెప్పాడు కదా అని ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టడం, మీరు అట్టపెట్టెలో మడతపడి లిఫ్టులో ఊరేగింపుగా రావడం, వాచ్‌మన్ "ఏం జంతువు సార్" అని అడగడం, అన్నీ అయిపోయాయి.

తర్వాత తెనాలి నుంచి మా అమ్మ వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా మీ ముందు నిలబడి, "ఏరా, ఇది కరుస్తుందా?" అంది.

"కరవదమ్మా."

"మరి బోనెందుకు?"

దానికి జవాబు చెప్పడానికి నేను వాడిన మాటల్లో సగం ఇంగ్లీషువి. అమ్మ అంతా విని, "సరేలే, దానికి అన్నం పెట్టావా" అని లోపలికెళ్ళిపోయింది. అమ్మ పెరిగిన ఊళ్ళో కుక్కకి ఊరంతా సొంతం. చెరువుగట్టు దానిది, రచ్చబండ దానిది, పెళ్ళి భోజనాలు అయ్యాక పారేసిన విస్తళ్ళు దానివి. గడప ఒక్కటే దాటకూడదు, దాటితే చీపురు లేచేది. మేం చూడండి, దాన్ని గడప దాటించి ఏసీ గదిలోకి తెచ్చి, పుట్టినరోజుకి కేకు కోసి, పేరు పక్కన ఇంటిపేరు తగిలించి, ఆఖరికి ఇంట్లోనే ఇంకో గడప పెట్టి దాని అవతల కూచోబెట్టాం. ఊరూ పోయింది, ఇల్లూ దక్కలేదు. ఈ ఏర్పాటు కంటే ఆ చీపురే నయమనిపించదూ ఎవరికైనా?

మీరు చేసిన మేలు మర్చిపోయామని అనుకోవద్దు. సర్వీసు రిజిస్టర్లో అన్నీ రాసుకున్నాం. కుక్కపిల్ల పడుకునే చోట పాడు చేసుకోవడానికి ఇష్టపడదు, ఆ ఒక్క స్వభావం ఆధారంగా మీరు దానికి బిగబట్టడం నేర్పారు. నెలల వయసుకి ఒకటి కలిపితే ఎన్ని గంటలొస్తుందో, పగటిపూట అన్ని గంటలకి మించి పిల్ల ఆపుకోలేదనే లెక్క (మూడు నెలల పిల్లకి నాలుగు గంటలు, అదీ గరిష్ఠం, సుమారు లెక్క) మీ పుణ్యాన మా ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చింది. పిల్ల చిన్నగా ఉన్నప్పుడు మీలో మూడొంతులు జాలీ అడ్డుపెట్టి మూసి, అది పెరిగేకొద్దీ ఆ అడ్డుని వెనక్కి జరుపుకుంటూ వచ్చాం. మెడపట్టీ కమ్మీల్లో ఇరుక్కుని ఊపిరి ఆడకుండా పోయే ప్రమాదం ఉందని తెలుసుకుని, లోపలికి పంపేటప్పుడు పట్టీ తీసెయ్యడం అలవాటు చేసుకున్నాం. పశువుల డాక్టరు దగ్గర కుట్లు పడ్డాక గెంతకుండా ఉంచాల్సి వచ్చినప్పుడు మీరే దిక్కయ్యారు. ఇవన్నీ ఒప్పుకుంటాం. ఎవరైనా బోనంటేనే హింస అని మొహం చిట్లిస్తే మీ తరఫున వాదిస్తాం కూడా.

కానీ తమరికి ఆస్థాన విద్వాంసులు కొందరున్నారు, వాళ్ళతోనే చిక్కు. కుక్క గుహలో బతికే జంతువు, దానికి నాలుగు పక్కలా గోడలుంటేనే నిశ్చింత, కాబట్టి బోనే దాని సొంతిల్లు అంటారు. వినడానికి బాగుంది. తోడేళ్ళకి గుహ కావలసింది ముఖ్యంగా పిల్లల్ని కనడానికి. పిల్లలకి రెండు నెలలు దాటేసరికి గుహ వదిలేసి బయట పడతాయి. మన వీధికుక్కలూ అంతే, ఈనే ముందు ఏ ఇసుక కుప్ప పక్కనో కల్వర్టు కిందో గొయ్యి చేసుకుంటాయి, పిల్లలు నడక నేర్వగానే ఆ గొయ్యి మొహం చూడవు. ఆ పైన దానికి ఎండాకాలం నీడ కావాలి, వానాకాలం పొడి నేల కావాలి, రెండూ దొరికిన చోట పడుకుంటుంది. పోనీ మీ వాదనే నిజమనుకుందాం. ఏ తోడేలు గుహకైనా తలుపుంటుందా? ఉన్నా గొళ్ళెం బయటివైపు ఉంటుందా?

చట్టం సంగతి ఎత్తితే మీకు ఇంకా నవ్వొస్తుంది. కదలడానికి చాలినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో జంతువుని ఉంచకూడదనీ, అలవాటుగా కట్టేసో మూసేసో ఉంచే కుక్కని యజమాని తిప్పకపోవడం కూడా నేరమేననీ మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం చెప్తుంది. శిక్ష? మొదటిసారి అయితే పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా జరిమానా. హైదరాబాద్‌లో సినిమా హాల్లో బైకు పార్కింగుకే చాలదేమో ఆ డబ్బు. అదే స్వీడన్, ఫిన్లాండ్ లాంటి చోట్ల ప్రయాణం లాంటి కొన్ని సందర్భాలు తప్పిస్తే ఇంట్లో కుక్కని బోనులో మూసి ఉంచడం కుదరదు. అంటే టెక్సాస్ బావ కాకుండా స్టాక్‌హోమ్ బావ ఉండి ఉంటే మీకు ఈ ఇంట్లో పోస్టే శాంక్షన్ అయ్యేది కాదు.

సరే, మీ ఎక్స్‌టెన్షన్ల కథ. దసరాకి చుట్టాలొస్తున్నారు, అది అయ్యాక చూద్దాం అన్నారు. తర్వాత కొత్త సోఫా వచ్చింది, కొంచెం పాతబడనీ అన్నారు. తర్వాత సంక్రాంతి. తర్వాత పాపకి పరీక్షలు. ప్రతిసారీ ఫైలు మీద "మరో మూడు నెలలు" అని సంతకం పడిపోయేది, కుక్క ఏం తప్పు చేసిందో ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఈలోగా తమరు అదనపు బాధ్యతలు కూడా చేపట్టారు. మీ నెత్తి మీద తడి తువ్వాళ్ళు ఆరాయి. కొరియర్ పెట్టెలు పేరుకున్నాయి. ఆఖరికి అమ్మ వడియాల పళ్ళెం కూడా ఫ్యాను గాలి బాగా తగులుతుందని మీ మీదకే చేరింది. కింద బూరె, పైన మినప్పిండి వాసన, మధ్యలో కమ్మీలు. పాపం అది ముక్కు పైకెత్తి, కళ్ళు మూసుకుని, ఏదో సంగీత కచేరీ వింటున్నంత శ్రద్ధగా కూచునేది. ఆ రోజు అర్థమైంది, ఈ ఇంట్లో తమరి అవసరం కుక్కకి కాదు, బాల్కనీలో జాగా లేని మాకు అని.

ఇక మీ అధికారాలు ఒక్కొక్కటే ఎలా తగ్గించామో మీకు తెలియకుండానే జరిగింది కాబట్టి వివరంగా చెప్తాను, తర్వాత నోటీసు ఇవ్వలేదనకండి. ముందు ఇంటిని సరిచేశాం. బావ లాంటి వాళ్ళు కుక్కకి నేర్పడం గురించే గంటలు గంటలు చెప్తారు గానీ, సగం పని ఇంట్లో వస్తువుల్ని ఎత్తి పైన పెట్టడమే. చెప్పుల స్టాండు బాల్కనీలోకి వెళ్ళింది. చెత్తబుట్టకి మూత వచ్చింది. నాన్నగారి షుగర్ మాత్రలు టీపాయ్ మీంచి అల్మారా పైకి ఎక్కాయి. పాప స్కూలు బ్యాగులో ఉండే షుగర్-ఫ్రీ చూయింగ్ గమ్ కనిపిస్తే మటుకు గట్టిగా అరిచాం, ఎందుకంటే కొన్నిట్లో వేసే జైలిటాల్ అనే తీపి కుక్క ఒంట్లో షుగర్‌ని ఒక్కసారిగా పడేస్తుంది. చాక్లెట్ సంగతి అందరికీ తెలుసు, కిస్‌మిస్ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. ద్రాక్ష అయినా కిస్‌మిస్ అయినా కుక్క కిడ్నీలని దెబ్బ తీస్తుంది. మనకేమో చక్కెర పొంగలి అంటే కిస్‌మిస్, పాయసం అంటే కిస్‌మిస్, ప్రసాదం కదా అని పెద్దవాళ్ళు ప్రేమగా ఓ ముద్ద దాని నోట్లో పెట్టేస్తారు. ఉల్లిపాయ వేసిన కూర మెతుకులూ వద్దే వద్దు. ఇక మే నెలలో మామిడి టెంక, అది నాకినంతసేపూ బాగానే ఉంటుంది, మింగితే పేగులో అడ్డం పడి ఆపరేషన్ దాకా తెస్తుంది. వీటిని గాలికొదిలేసి కుక్కకి స్వేచ్ఛ ఇచ్చాం అని చెప్పుకునేవాళ్ళని చూస్తే మాత్రం నాకు మీ మీదే గౌరవం పెరుగుతుంది, నిజం.

ఇల్లు సిద్ధమయ్యాక మొదట ఒక్క హాలు. పడగ్గదులు మూసి, వంటింటి దగ్గర చిన్నపిల్లలకి పెట్టే అడ్డ తలుపు ఒకటి బిగించాం. సాయంత్రం బాగా నడిపించి, వాసనలు చూసినంతసేపు చూడనిచ్చి, ఇంటికి తెచ్చి అన్నం పెట్టి, అది ఆవులించే టైమ్‌కి మీ తలుపు తీసి వదిలేశాం. అలిసిన కుక్క ఏ అల్లరీ చెయ్యదు, అలవని కుక్కకి బంగారు బోను కట్టినా ఊరుకోదు. మీరు గమనించారో లేదో, మొదటి రాత్రి అది బయటికి రాలేదు. తలుపు తీసే ఉంది. ముందు కాళ్ళు రెండూ మీ ట్రే అంచు దాకా తెచ్చి, అక్కడ ఆగి, మా మొహాలు చూసింది. ఒక కాలు బండ మీద పెట్టి, చల్లగా తగిలిందేమో, మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఎవరో ఒకరు "రా" అంటే తప్ప ఆ నాలుగంగుళాల హద్దు దాటదు. మా ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "దీన్ని ఇంత మంచిగా ఎవరు పెంచమన్నారండీ" అంది.

రాత్రిళ్ళు ఇబ్బంది లేదని తేలాక పగళ్ళు మొదలుపెట్టాం. కిందికెళ్ళి పాలు తెచ్చేంతసేపు, తర్వాత కూరలు కొనేంతసేపు, తర్వాత ఒక సినిమాకెళ్ళి వచ్చేంతసేపు. వెళ్ళేటప్పుడు పెద్ద సీను చెయ్యకుండా, వీడ్కోలు పాటలు పాడకుండా, లోపల పెరుగన్నం కూరి గడ్డ కట్టించిన రబ్బరు బొమ్మ ఒకటి ఇచ్చి తలుపేసి వెళ్ళిపోవడం. ఈ మధ్యలో ఒకసారి అమ్మ తాటాకు విసనకర్ర బలైంది. పిడి తప్ప ఏమీ మిగల్లేదు. బూరె తల వాల్చి, చెవులు వెనక్కి పెట్టి, కొసకళ్ళతో చూస్తుంటే "చూశారా, తప్పు చేశానని దానికి తెలుసు" అని మీ వర్గం వెంటనే లేచింది. తెలియదండీ. న్యూయార్క్‌లో బర్నార్డ్ కాలేజీకి చెందిన అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ఈ విషయమే పరీక్షించి చూస్తే, కుక్క మొహంలో ఆ తప్పు చేసిన వాలకం వచ్చేది యజమాని కోప్పడటం వల్లే, నిజంగా తప్పు చేసిందా లేదా అన్నదానితో సంబంధం లేదని తేలింది. అంటే మా అరుపుకి భయపడిన మొహాన్ని మేం నేరాంగీకార పత్రంగా చదువుకుంటున్నామన్నమాట. గంట కిందట నమిలిన విసనకర్రకి ఇప్పుడు తిడితే దానికి అర్థమయ్యేది ఒక్కటే, వీళ్ళు ఇంటికి రాగానే అరుస్తారని. అమ్మయితే "పోనీలేరా, ఎండాకాలం అయిపోయిందిగా" అంది. విసనకర్రలు ఇప్పుడు మేకుకి వేలాడుతున్నాయి. స్వేచ్ఛ కూడా రెండు మెట్లు కిందికి దించి, మళ్ళీ పాలు తెచ్చే టైమ్ నుంచి మొదలుపెట్టాం.

ఆ తర్వాత పూర్తి పగలు. పాత ఫోనొకటి కెమెరాగా పెట్టి ఆఫీసుకెళ్ళాను. మీటింగులో నా మొహం చూసి పక్కనాయన "ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాలేదా" అని అడిగాడు. ఒకటే టెన్షన్. సోఫా చీల్చేస్తుందా, తలుపు గీరేస్తుందా, అరిచి పక్కింటివాళ్ళని లేపుతుందా! చూస్తే ఏముంది, పడుకుంది. లిఫ్టు చప్పుడైతే ఒక చెవి లేచింది. మళ్ళీ పడుకుంది. ఎండ బాల్కనీ తలుపు దాటి లోపలికి వస్తే, లేచి బాత్రూమ్ ముందున్న పట్టా మీదికి మారి అక్కడ పడుకుంది. పెద్ద కుక్క రోజులో సగం, అంతకన్నా ఎక్కువే నిద్రపోతుందని చదివాను గానీ, ఇంత నిజాయితీగా నిద్రపోతుందనుకోలేదు. మధ్యాహ్నం ఒక్కసారి లేచి, వంగి ఒళ్ళు విరుచుకుని, నేరుగా మీ లోపలికి వచ్చింది. ఆ క్షణాన మీ గుండె ఎంత ఉప్పొంగి ఉంటుందో ఊహించగలను. దాని చిరిగిన బొమ్మ కోతి మీ మూలన పడి ఉంది కదా, దాన్ని నోట కరుచుకుని వెనక్కి వచ్చేసింది.

అందరిళ్ళలోనూ ఇలాగే అవుతుందని నేననడం లేదు. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా కుక్కకీ టీనేజీ ఉంటుంది, నేర్చుకున్నదంతా మర్చిపోయినట్టు నటిస్తుంది, అప్పుడు తొందరపడి తాళాలన్నీ తీసేస్తే సోఫా నిజంగానే మిగలదు, బావ మాట నెగ్గుతుంది. ఇంకొన్ని కుక్కలుంటాయి, మనిషి కనపడకపోతే ప్రాణం పోయినట్టు రొప్పి, చొంగ కార్చి, కమ్మీలు కొరికి పళ్ళు విరగ్గొట్టుకుంటాయి. వాటిని చూపించి "చూశారా, దీనికి బోను కావాలి" అనే పెద్దమనుషులు ఉన్నారు. ఆ భయం బోనుతో ముదురుతుందే తప్ప తగ్గదు, డాక్టరుకి చూపించి మెల్లగా అలవాటు చెయ్యాల్సిన జబ్బు అది. అక్కడ మీ జోక్యం అస్సలు వద్దు.

ఇక ఉత్తర్వులు. తమరి గొళ్ళెం, తలుపు ఈ రోజే ఊడదీయబడును. తలుపు మంచం కింద భద్రపరచబడును, ఎందుకంటే రైలు ప్రయాణాలు, డాక్టరు చెప్పిన విశ్రాంతులు లాంటి ప్రత్యేక డ్యూటీలకి తమరిని దినకూలీ పద్ధతిన పిలుస్తాం. దీపావళి రాత్రి మటుకు తమరు పూర్తి హోదాతో పనిచెయ్యాలి, మీ మీద మందపాటి దుప్పటి కప్పి, కిటికీలు మూసి, అది తనంతట తను వచ్చి దాక్కునేట్టు తలుపు లేకుండానే ఉంచుతాం. మా వీధిలో లక్ష్మీబాంబులు కాల్చేవాళ్ళు తెల్లారేదాకా ఆపరు కాబట్టి ఓవర్‌టైమ్ తప్పదు. మిగతా ఏడాదంతా హాల్లోంచి పాప గదిలో మూలకి బదిలీ. ఫ్యాను గాలి అక్కడ రాదు. అపీలు చేసుకోదలిస్తే మా ఆవిడకి చేసుకోండి, ఆవిడ ఇప్పటికే ఆ జాగాలో తులసి కుండీ పెడదామా, పుస్తకాల అల్మారా పెడదామా అని టేపు పెట్టి కొలుస్తోంది.

ఇట్లు,
ఇంటి యజమాని (నెలనెలా ఇఎంఐ కడుతున్నంతవరకూ)

ఈ ఉత్తర్వు ప్రతులు: టెక్సాస్ బావకి, సమాచారం కోసం, సోఫాకి, జాగ్రత్త కోసం, అమ్మకి, వడియాల పళ్ళెం సాయంత్రం లోపు ఫ్రిజ్ మీదికి మార్చుకోవలసిందిగా మనవితో, ఎందుకంటే బూరె ఇప్పుడు వెనక కాళ్ళ మీద నిలబడటం నేర్చుకుంది.